సిట్రోయెన్ డి.ఎస్. కారు పునరుద్ధరణ

సిట్రోయెన్ డి.ఎస్. అనునది ఫ్రాన్సు దేశానికి చెందిన సిట్రోయెన్ సంస్థ 1955 నుండి 1975 వరకు తయారు చేసిన సెడాన్ కారు. పాతబడిన ఇటువంటి కారును తిరిగి నడిచే స్థితికి తీసుకొని రావడాన్ని పునరుద్ధరణ అంటారు. అసలు తయారీలో లేని భాగాలను అమర్చడం, ఉన్నవాటిని మార్చడం మార్పుల కిందకు వస్తుంది. సాధారణమైన పాత కార్ల విషయంలో ఈ రెండు పనులకు ఇంజను, రేకు, రంగు తెలిసిన మెకానిక్ ఉంటే చాలావరకు సరిపోతుంది. డి.ఎస్. విషయంలో అది చాలదు. ఈ కారులో సస్పెన్షన్, బ్రేకులు, స్టీరింగు, కొన్ని నమూనాలలో గేర్లు మార్చే పని కూడా ఒకే అధిక పీడన ద్రవ వ్యవస్థ మీద ఆధారపడి ఉంటాయి. అందువలన పని మొదలుపెట్టే ముందే ప్రణాళిక సిద్ధం చేసుకోకపోతే డబ్బు, కాలం వృథా కావడమే గాక కారు కూడా శాశ్వతంగా పాడయ్యే అవకాశం ఉన్నది.

చరిత్ర

డి.ఎస్. 1955 అక్టోబరులో పారిస్ మోటారు ప్రదర్శనలో మొదటిసారిగా ప్రజల ముందుకు వచ్చినది. దీని ఆకృతిని ఇటలీకి చెందిన శిల్పి ఫ్లమీనియో బెర్తోని రూపొందించగా, ఇంజనీరింగు బాధ్యతను ఆంద్రే లెఫెవ్ర్ నిర్వహించారు. ద్రవ-వాయు సస్పెన్షన్ పాల్ మజేస్ కృషి ఫలితం. డి.ఎస్. అన్న రెండు అక్షరాలను ఫ్రెంచి భాషలో కలిపి పలికితే "దేవత" అనే అర్థం వచ్చే పదం వినబడుతుంది. 1957లో వచ్చిన చవక నమూనాకు పెట్టిన ఐ.డి. అనే పేరు కూడా ఇటువంటిదే. దానిని ఫ్రెంచిలో పలికితే "ఆలోచన" అనే అర్థం వస్తుంది. ఇరవై సంవత్సరాలలో అన్ని రకాలూ కలిపి 14,55,746 కార్లు తయారైనవి. వీటిలో అధికభాగం పారిస్ నగరంలోని జవెల్ కర్మాగారం నుండి వెలువడినవి. ఇంగ్లండులోని స్లౌ, బెల్జియంలోని ఫోరెస్ట్ వంటి చోట్ల కూడా వీటిని కూర్చేవారు.

1962 ఆగష్టు 22న పారిస్ సమీపంలోని పెటీ-క్లమార్ వద్ద ఫ్రాన్సు అధ్యక్షుడు ఛార్లెస్ డి గాల్ మీద హత్యాప్రయత్నం జరిగినపుడు, ఆయన ప్రయాణిస్తున్న డి.ఎస్. కారు టైర్లు తూటాలకు దెబ్బతిన్నా అదుపు తప్పకుండా ముందుకు సాగినది. ఈ కారుకు లభించిన కీర్తిలో ఈ సంఘటన పాత్ర తక్కువేమీ కాదు.

నమూనాలు, ఏ కారును ఎంచుకోవాలి

పునరుద్ధరణకు కారును ఎంచుకొనేటపుడు అది ఏ సంవత్సరపు నమూనా అన్నది మొదట తేల్చుకోవాలి. సిట్రోయెన్ సంస్థకు నమూనా సంవత్సరం సెప్టెంబరు ప్రాంతంలో మొదలయ్యేది. కావున 1966 చివరలో తయారైన కారు 1967 నమూనాగా పరిగణించబడుతుంది. విడిభాగాలు తెప్పించుకొనేవారు ఈ సంగతి మరచిపోయి పొరపాటు భాగాలను కొనడం తరచుగా జరుగుతుంది.

మొదటి డి.ఎస్. 19లో 1911 ఘనపు సెంటీమీటర్ల ఇంజను ఉండేది. ఇది అంతకుముందటి ట్రాక్సియోన్ అవాంట్ కారు ఇంజను నుండి అభివృద్ధి చేసినది. 1965 శరదృతువులో ఐదు బేరింగులు గల కొత్త ఇంజనుతో 2175 ఘ.సెం.మీ. డి.ఎస్. 21 వచ్చినది. 1972లో 2347 ఘ.సెం.మీ. డి.ఎస్. 23 విడుదలైనది. 1969 చివర నుండి డి.ఎస్. 21లో బాష్ సంస్థ తయారు చేసిన ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్ కూడా లభించేది. 1965 శరదృతువు వరకు చక్రాలు మధ్యనున్న ఒకే ఒక నట్టుతో బిగించబడేవి. ఆ తరువాత ఐదు బోల్టుల పద్ధతి వచ్చినది. ముందు భాగపు ఆకృతి 1962లో ఒకసారి, 1967లో మరొకసారి మారినది. 1967 మార్పుతో గాజు మూతల వెనుక నాలుగు దీపాలు వచ్చినవి. వీటిలో లోపలి రెండూ స్టీరింగుతో పాటు తిరిగి మలుపును వెలిగిస్తాయి.

తొలిసారి ఈ పనికి పూనుకొనేవారికి 1967 తరువాతి ఐ.డి. లేదా డి.ఎస్. 20 వంటి కార్బురేటరు నమూనాలు అనుకూలమైనవి. వీటిలో మామూలు క్లచ్చి పెడల్, చేతితో మార్చే గేర్లు ఉండే రకాలు దొరుకుతాయి. అన్నిటిలోకీ ఆకర్షణీయమైన డి.ఎస్. 23 ఇంజెక్షన్ పల్లాస్ నమూనాకు వెల ఎక్కువ, పని కూడా ఎక్కువ. పల్లాస్ అనగా 1964లో ప్రవేశపెట్టిన ఖరీదైన అలంకరణ శ్రేణి. దాని మెరుగు పట్టీలు, సీట్ల వస్త్రం, లోపలి అమరికలు మామూలు రకాల కంటే భిన్నంగా ఉండటం వలన ఒకటి పోయినా వెతికి పట్టడం కష్టం. ఏ నమూనా అయినా, భాగాలన్నీ ఉన్న కారును కాస్త ఎక్కువ ధర పెట్టి కొనడమే మేలు. సగం భాగాలు లేని కారు చవకగా వచ్చినా, వాటిని విడివిడిగా సమకూర్చుకొనేసరికి ఖర్చు దానిని మించిపోతుంది.

తుప్పు పరీక్ష

డి.ఎస్. శరీర నిర్మాణం విలక్షణమైనది. బరువు మోసేదంతా కింద ఉండే పెట్టె ఆకారపు చట్రం, దానిమీద నిలబడిన స్తంభాలు. తలుపులు, మడ్‌గార్డులు, బానెట్, డిక్కీ మూత, పైకప్పు అన్నీ ఆ చట్రానికి బోల్టులతో బిగించిన తొడుగు మాత్రమే. వెనుక మడ్‌గార్డును ఒకే ఒక బోల్టు విప్పి తీసివేయవచ్చు. వెనుక చక్రం మార్చాలంటే దానిని తీయవలసినదే. బానెట్ అల్యూమినియంతోను, సెడాన్ పైకప్పు ఫైబర్‌గ్లాస్‌తోను చేయబడినవి.

ఈ ఏర్పాటు కొనుగోలుదారును సులభంగా మోసగిస్తుంది. పైన మెరిసే రంగు, సొట్ట లేని తలుపులు చూసి కారు బాగున్నదని అనుకోవడానికి వీలులేదు. తొడుగు ఎంత అందంగా ఉన్నా లోపలి చట్రం చిల్లులు పడి ఉండవచ్చు. అందువలన పరీక్షకు వెళ్ళేవారు మడ్‌గార్డులు విప్పి చూపమని యజమానిని అడగాలి. అది కొద్ది నిమిషాల పని. దానికి నిరాకరించే యజమాని వద్ద కారు కొనకపోవడమే మంచిది.

తుప్పు ఎక్కువగా పట్టే చోట్లు కొన్ని కలవు. రెండు వైపులా పొడవునా ఉండే పెట్టె దూలాలు, ముఖ్యంగా వెనుక సస్పెన్షన్ చేతులు బిగించే ప్రాంతం అన్నిటికన్నా ప్రధానమైనది. పైకప్పు అంచులోని అతుకు వదులైతే వాననీరు వెనుక స్తంభాల గుండా దిగి, వాటి పాదాల వద్ద నిలుస్తుంది. డిక్కీ నేల అంచులు, పెట్రోలు ట్యాంకు ఉండే వెనుక సీటు కింది భాగం కూడా చూడవలసినవే. ముందు సీట్ల వద్ద తివాచీ కింద మందమైన నురుగు పొర ఉంటుంది. కాళ్ళకు మెత్తగా ఉండాలని వేసిన ఈ పొర తడిని సంవత్సరాల తరబడి పట్టి ఉంచి, నేల రేకును లోపలి నుండి తినివేస్తుంది. కింద నుండి చూస్తే తారు పూత చెక్కుచెదరకుండా కనిపించవచ్చు. తివాచీ ఎత్తి చూస్తేనే నిజం తెలుస్తుంది.

చట్రం సరిచేయకుండా రంగు వేయించడం వృథా ఖర్చు. వెల్డింగు చేసేటపుడు తలుపులను వాటి స్థానంలో బిగించి, సందులు కొలుచుకుంటూ, చట్రానికి ఆధారం ఇచ్చి పని చేయాలి. లేకపోతే చట్రం వంగి, తరువాత తలుపులు మూసుకోవు. ఈ కారు తలుపుల అద్దాలకు చుట్టూ ఫ్రేము ఉండదు కనుక కొద్దిపాటి వంకర కూడా గాలి హోరుగా, నీటి చెమ్మగా బయటపడుతుంది.

ద్రవ వ్యవస్థ

డి.ఎస్. పునరుద్ధరణలో మిగతా కార్లకు లేని అధ్యాయం ఇది. ఇంజను తిప్పే పంపు ద్రవాన్ని సుమారు 150 నుండి 175 బార్ల పీడనానికి చేర్చుతుంది. ఈ పీడనాన్ని నిలువ ఉంచుకొనే ఒక ప్రధాన గోళం, నాలుగు చక్రాలకు నాలుగు గోళాలు, బ్రేకుల కొరకు ప్రత్యేకమైన నిలువ ఏర్పాటు ఉంటాయి. ప్రతి గోళం మధ్యలో ఒక రబ్బరు పొర ఉండి, దానికి ఒక వైపు నత్రజని వాయువు, మరొక వైపు ద్రవం ఉంటాయి. ఉక్కు స్ప్రింగు చేసే పనిని ఇక్కడ నత్రజని చేస్తుంది. బరువు పెరిగినా తగ్గినా కారు నేల నుండి ఒకే ఎత్తులో నిలవడానికి ముందు ఒకటి, వెనుక ఒకటి ఎత్తు సవరణ కవాటాలు ఉన్నవి.

మొదటి సంవత్సరాలలో వృక్ష సంబంధమైన నూనెతో చేసిన ద్రవాన్ని, తరువాత ఎల్.హెచ్.ఎస్. అనే కృత్రిమ ద్రవాన్ని వాడారు. ఎల్.హెచ్.ఎస్. గాలిలోని తేమను పీల్చుకొంటుంది. దానివలన నిలిపి ఉంచిన కార్లలో పిస్టన్లు, గొట్టాలు లోపలే తుప్పు పట్టేవి. ఈ దోషాన్ని నివారించడానికి 1966 సెప్టెంబరులో ఎల్.హెచ్.ఎమ్. అనే ఆకుపచ్చ ఖనిజ నూనెను ప్రవేశపెట్టారు. అమెరికాలో అక్కడి నిబంధనల కారణంగా ఈ మార్పు 1969 వరకు ఆలస్యమైనది.

ఈ రెండు ద్రవాలకు వాడే రబ్బరు సీళ్ళు వేరువేరు. ఒక దానికి తయారైన సీళ్ళను రెండవ ద్రవం ఉబ్బించి మెత్తబరుస్తుంది. ఆకుపచ్చ ద్రవం వాడవలసిన కారులో మామూలు బ్రేకు నూనె పోసినా అదే గతి. ఒక్క సీసా పొరపాటుతో పంపు మొదలు బ్రేకుల వరకు ప్రతి భాగాన్నీ విప్పి, కడిగి, సీళ్ళన్నీ మార్చవలసి వస్తుంది. అంతకు మించిన ప్రమాదం ఏమనగా, సీళ్ళు చెడిన కారుకు బ్రేకులు పనిచేస్తాయన్న నమ్మకం ఉండదు. అందువలన కారు చేతికి వచ్చిన వెంటనే దానిలో ఏ ద్రవం ఉండాలో, ప్రస్తుతం ఏది ఉన్నదో నిర్ధారించుకోవాలి. ఎల్.హెచ్.ఎమ్. భాగాలకు ఆకుపచ్చ రంగు గుర్తు ఉంటుంది. అయితే చేతులు మారిన కార్లలో రెండు రకాల భాగాలు కలిసి ఉండవచ్చును కనుక తొట్టి రంగును మాత్రమే చూసి నిర్ణయించరాదు.

పాత ఎల్.హెచ్.ఎస్. కారును ఎల్.హెచ్.ఎమ్.కు మార్చడం కొందరు యజమానులు కోరుకొనే మార్పు. ఇది సాధ్యమే గాని, ద్రవం తీసి వేరేది పోయడంతో అయ్యే పని కాదు. సీళ్ళు, రబ్బరు గొట్టాలు, గోళాలలోని పొరలు అన్నీ మారాలి. ప్రతి ఉక్కు గొట్టాన్నీ శుభ్రం చేయాలి. ఎటూ వ్యవస్థ మొత్తం విప్పబోతున్న కారు విషయంలో ఇది ఆలోచించదగినది. బాగా నడుస్తున్న కారును ఇందుకోసం విప్పడం అనవసరం.

వ్యవస్థ స్థితిని తెలుసుకొనే తేలిక పరీక్షలు కొన్ని ఉన్నవి. ఇంజను తిప్పిన తరువాత కారు వెనుక, ముందు భాగాలు పైకి లేవాలి. పీడన నియంత్రకం నుండి అప్పుడప్పుడు టిక్కుమనే శబ్దం వస్తుంది. ఆ శబ్దం కొన్ని సెకన్లకు ఒకసారి వస్తుంటే ప్రధాన గోళంలో వాయువు పోయినదనో, లోపల ఎక్కడో ద్రవం జారుతున్నదనో అర్థం. కారు గట్టిగా, ఎగిరెగిరి పడుతున్నట్లు నడిస్తే చక్రాల గోళాలలో నత్రజని తగ్గినదన్నమాట. చాలామంది దీనిని చూసి సస్పెన్షన్ అంతా పోయిందని భయపడతారు. నిజానికి గోళాలను విప్పి నత్రజని నింపించడం ఈ కారు మరమ్మతులలో సులభమైన పని. అయితే అది తగిన పరికరం ఉన్నవారే చేయాలి. నత్రజనికి బదులు గాలిగాని ఆక్సిజన్‌గాని నింపడం ప్రేలుడుకు దారితీయవచ్చు.

మరొక హెచ్చరిక ప్రాణానికి సంబంధించినది. ఈ కారును లోపలి మీటతో పైకి లేపవచ్చు. అలా లేచి నిలబడిన కారు పీడనం తగ్గగానే నేల వరకు దిగిపోతుంది. గట్టి స్టాండ్లు పెట్టకుండా, కారు తనంతట తాను లేచి ఉన్నది కదా అని కిందకు దూరరాదు. అలాగే ఏ గొట్టమైనా విప్పే ముందు నియంత్రకం వద్దనున్న స్క్రూను వదులు చేసి పీడనాన్ని తొలగించాలి.

ఇంజను, ప్రసారం

డి.ఎస్. ముందు చక్రాలతో నడిచే కారు. ఇంజను వెనుకకు, ప్రయాణికుల వైపు జరిగి ఉండి, గేరుపెట్టె దానికి ముందు ఉంటుంది. ముందు డిస్కు బ్రేకులు చక్రాల వద్ద గాక గేరుపెట్టెకు ఇరువైపులా అమర్చబడినవి. ఇంజను టైమింగు గొలుసు లోపలి గోడ వైపు ఉండటం వలన దానిని మార్చాలంటే ఇంజను బయటకు తీయవలసి ఉంటుంది. క్లచ్చి పని కూడా ఇదే విధంగా శ్రమతో కూడినది. కావున ప్రణాళికలో ఇంజనును ఒకసారే దింపి, క్లచ్చి, టైమింగు గొలుసు, డిస్కులు, ఆ పరిసరాలలోని ద్రవ గొట్టాలు అన్నింటినీ ఒకే విడతలో ముగించేటట్లు చూసుకోవాలి. క్లచ్చి ప్లేటు బాగానే ఉన్నదని వదిలివేసి, ఆరు నెలల తరువాత మళ్ళీ అంతా విప్పుకొన్నవారు ఉన్నారు.

ఇంజను దిట్టమైనది. సిలిండర్లకు విడిగా తీయగల తొడుగులు ఉండి, వాటి చుట్టూ నీరు ప్రవహిస్తుంది. అరిగినపుడు తొడుగులను, పిస్టన్లను మార్చుకొనవచ్చు. ఎక్కువ కాలం నిలిచిన కారులో నీటి మార్గాలు మడ్డితో పూడుకొనిపోయి ఉంటాయి కనుక ఇంజనును తిప్పే ప్రయత్నానికి ముందే వాటిని కడగాలి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తున్నందున పాత రబ్బరు ఇంధన గొట్టాలను తప్పనిసరిగా మార్చాలి. ఇంజెక్షన్ రకాలలో ఇంజను వేడి దగ్గర ఉండే తీగల పొర పెళుసుబారి ఊడిపోతుంది. చాలామంది ఇంజెక్షన్ పరికరాన్ని నిందించే దోషాలకు ఆ తీగలే మూలం.

మార్పులు

మార్పులను తిరిగి పూర్వస్థితికి తేగలిగినవి, తేలేనివి అని వేరు చేసి చూడటం మంచిది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2013లో ఆమోదించిన ట్యూరిన్ శాసనపత్రం కూడా వీలైనంత తక్కువ జోక్యం, చేసిన ప్రతి పనికీ నమోదు, తిరిగి మార్చుకొనే వీలు అనే సూత్రాలను చెబుతుంది.

ప్లాటినం పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, పాత డైనమోకు బదులు ఆల్టర్నేటరు, సీటు బెల్టులు, మెరుగైన దీపాలు, విద్యుత్ ఫ్యాను వంటివి రోజువారీ వాడుకను సులభం చేస్తాయి. అసలు భాగాలను భద్రపరచుకొంటే ఎప్పుడైనా తిరిగి అమర్చవచ్చు. నాలుగు గేర్ల కారుకు 1970 తరువాత వచ్చిన ఐదు గేర్ల పెట్టెను అమర్చడం దూరప్రయాణాలు చేసేవారు మెచ్చే మార్పు. ఇది అదే సంస్థ, అదే కారు భాగం కనుక ఆక్షేపణ తక్కువ.

ద్రవ సస్పెన్షన్‌ను తొలగించి ఉక్కు స్ప్రింగులు వేయడం అప్పుడప్పుడు వినబడే ఆలోచన. దీనివలన బ్రేకులకు, స్టీరింగుకు ఎటూ ద్రవ పీడనం కావలసి ఉండటం చేత ఆదా అయ్యేది తక్కువ. డి.ఎస్.ను డి.ఎస్.గా చేసిన గుణమే పోతుంది.

సెడాన్ పైకప్పు కోసి ఓపెన్ టాప్ కారుగా మార్చడం మరింత వివాదాస్పదమైనది. పారిస్‌కు చెందిన ఆన్రీ షాప్రోన్ కర్మాగారం సిట్రోయెన్ కోసం 1960-71 మధ్య తయారు చేసిన అసలు ఓపెన్ టాప్ డి.ఎస్.లు కొద్ది సంఖ్యలోనే ఉన్నందున వాటికి విపరీతమైన ధర పలుకుతుంది. ఆ ధర ఆశతో ఎన్నో సెడాన్లు కోయబడినవి. షాప్రోన్ కార్లకు చట్రం ప్రత్యేకంగా బలపరచబడి ఉండేది. ఆ బలం లేకుండా కోసిన కారు నడుము వద్ద వంగి, తలుపులు పట్టివేస్తాయి. కొనేవారు చట్రం సంఖ్యను పరిశీలించకుండా ఓపెన్ టాప్ డి.ఎస్.కు ధర కట్టరాదు.

పని క్రమము, ఖర్చు

విప్పడం ప్రారంభించే ముందు కారును నలువైపులా, భాగం భాగంగా ఛాయాచిత్రాలు తీసి, తీసిన ప్రతి బోల్టును పేరు రాసిన సంచిలో వేయాలి. తరువాత చట్రం, వెల్డింగు, తుప్పు నివారణ; ఆపై ద్రవ గొట్టాలు, ఇంజను, బ్రేకులు; రంగుకు ముందు తొడుగు భాగాలన్నీ ఒకసారి బిగించి సందులు సరిచూడటం; ఆ తరువాతే రంగు, చివరకు సీట్లు, తివాచీలు. సిట్రోయెన్ రంగులకు ఏ.సి. అనే అక్షరాలతో మొదలయ్యే సంఖ్యలు ఉన్నవి. ఆ సంఖ్య తెలిస్తే అసలు రంగును తిరిగి కలిపించుకొనవచ్చు.

ఖర్చులో ఎక్కువ భాగం చట్రం, రంగు, క్రోమియం పూత, సీట్ల మీద పోతుంది. అందరూ భయపడే ద్రవ వ్యవస్థ అంత ఖరీదైనది కాదు. సీళ్ళు, గోళాలు, గొట్టాలు నేటికీ యూరోపులో కొత్తవి తయారవుతున్నవి. విప్పిన కారు మధ్యలో ఆగిపోవడమే ఈ పనిలో అతిపెద్ద నష్టం. డబ్బు తక్కువగా ఉన్నవారు కారును మొత్తం విప్పకుండా, నడుపుకుంటూ ఒక్కొక్క భాగాన్ని బాగుచేసుకోవడం మేలు. అయితే బ్రేకులు, చట్రం ఈ వాయిదాలోకి రావు.

చట్టపరమైన అంశాలు

ఫ్రాన్సులో 30 సంవత్సరాలు దాటి, ముఖ్య భాగాలలో మార్పులు లేని వాహనానికి సేకరణ వాహనంగా ప్రత్యేక నమోదు పత్రం లభిస్తుంది. అటువంటి వాహనానికి సాంకేతిక తనిఖీ ఐదు సంవత్సరాలకు ఒకసారి సరిపోతుంది. 1960కి ముందటి వాటికి ఆ తనిఖీ కూడా లేదు. ఇంజను మార్పు వంటివి ఈ సౌకర్యాన్ని దూరం చేయవచ్చు. పెట్రోలు, డీజిలు కార్లను విద్యుత్ కార్లుగా మార్చడానికి 2020 మార్చి 13 నాటి ఉత్తర్వు అక్కడ వీలు కల్పించినది. డి.ఎస్. కార్లను కూడా ఇలా మారుస్తున్నారు. అప్పుడు ద్రవ పంపును తిప్పడానికి వేరే విద్యుత్ మోటారు కావలసి ఉంటుంది.

భారతదేశంలో 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి నమోదు నుండి 50 సంవత్సరాలు దాటిన, చట్రం, శరీరం, ఇంజనులలో మార్పులు చేయని వాహనాలు వింటేజ్ వాహనాలుగా నమోదు కావచ్చును. వీటి నంబరులో వి.ఎ. అనే అక్షరాలు ఉంటాయి. కొత్త నమోదు రుసుము 20,000 రూపాయలు. ప్రదర్శనలు, పరిశోధన, ర్యాలీలు వంటి సందర్భాలలో మాత్రమే వీటిని రోడ్డు మీదకు తేవచ్చు, నిత్యం వాడరాదు. తయారీదారు ఇచ్చిన మూల లక్షణాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీం కోర్టు 2019 జనవరిలో తీర్పు ఇచ్చియున్నది. కనుక ఇక్కడ డి.ఎస్. గల యజమాని పని మొదలుపెట్టే ముందు రవాణా శాఖ కార్యాలయంలో తన ఉద్దేశాన్ని తెలిపి, ఏ మార్పుకు అనుమతి కావాలో తెలుసుకోవాలి.